తీరిక లేని ఇంట్లో ముందు ఏది మార్చాలి? నిద్ర, పనుల పంపకం, విరామాలు, సెలవు: ఎవరికి ఏది సరిపోతుంది

ఉదయం ఐదున్నరకు కుక్కర్ పెట్టి, రాత్రి పదకొండున్నరకు మర్నాటి యూనిఫాం ఇస్త్రీ చేసి పడుకునే మనిషికి "నీకోసం కాస్త టైం పెట్టుకో" అని చెప్పడం తేలిక. ఆ టైం ఎక్కణ్నుంచి తీయాలో చెప్పేవాళ్లే తక్కువ. ఒకరు యోగా అంటారు, ఒకరు వంటమనిషిని పెట్టుకోమంటారు, ఇంకొకరు వారం సెలవు పెట్టి ఊరెళ్లమంటారు. అన్నీ మంచి మాటలే. కానీ అన్నీ ఒకేసారి మొదలుపెడితే అవి కూడా చేయాల్సిన పనుల్లో చేరిపోతాయి, పదో రోజుకి అన్నీ కలిసి ఆగిపోతాయి.

ఉద్యోగమూ ఇల్లూ రెండూ మోస్తూ, ఎక్కడ మొదలుపెట్టాలో తేలనివాళ్ల కోసం ఈ పోలిక. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైం యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఇంటిపని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. అంటే, ఉద్యోగం చేయనివాళ్లనూ కలిపి తీసిన సగటున, రోజుకి దాదాపు ఐదు గంటల డ్యూటీ. దాన్ని ముట్టుకోకుండా పైన పది నిమిషాల ధ్యానం పెడితే, ఆ ధ్యానం నిద్రలోంచే తెగుతుంది. అందుకే మా వరస ఇది: ముందు ఏదో ఒకటి తీసేయాలి, ఆ తర్వాతే కొత్తది కలపాలి. ఏది తీసేయాలన్నది మాత్రం మనిషిని బట్టి మారుతుంది.

## అన్నిటికంటే ముందు: ఇది అలసటా, రక్తహీనతా?

ఈ మెట్టు దాటేసి మిగతావి చదవకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం మందికి పైగా. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న మనిషి ఎంత చక్కగా టైంటేబుల్ వేసుకున్నా మెట్లెక్కితే ఆయాసపడుతుంది, సాయంత్రానికి ఒరిగిపోతుంది. "పని ఎక్కువైంది కదా, అందుకే" అని సర్దుకుపోవడం వల్ల ఏళ్లు గడిచిపోతాయి.

నెలకు మించి అలసట ఉంటే డాక్టర్‌ని అడిగి సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. గర్భం లేని ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ మాత్ర రాసినా ఫలితం కనబడకపోవడానికి మన ఇళ్లలో తరచూ కనిపించే కారణం: టిఫిన్ అవగానే మాత్ర, వెంటనే టీ. టీ, కాఫీలు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మాత్రకు ముందు గంట, తర్వాత రెండు గంటలు టీ కాఫీ లేకుండా చూసుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే ఐరన్, కాల్షియం మాత్రలకు దానికీ మధ్య 4 గంటల ఎడం ఉండాలి. గట్టిగా గురక పెడుతూ, ఎనిమిది గంటలు పడుకున్నా మత్తుగానే లేచేవాళ్లు ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పాలి.

## మీకు తక్కువైనదేంటో ఏడు రోజులు రాయండి

యాప్ అక్కర్లేదు. ఫ్రిజ్ మీద క్యాలెండర్ ఉంటే చాలు. రోజూ మూడు అంకెలు:

- నిద్రపోయిన గంటలు (మంచం మీద ఉన్న గంటలు కాదు)
- ఎవరూ పిలవకుండా మీకు దొరికిన నిమిషాలు
- సాయంత్రం 6 గంటలకు ఒంట్లో ఓపిక, పదికి ఎంత

వీటి పక్కన, ఆ రోజు మీరే చేయాల్సిన అవసరం లేకపోయినా మీరే చేసిన పని ఒకటి రాయండి. వారం అయ్యేసరికి ఆ వరసలో ఏడు పనులుంటాయి. తర్వాత పంపకానికి అదే జాబితా.

అంకెలు చదివే తీరు ఇది. నిద్ర సగటు ఏడు గంటలకు తక్కువైతే మొదటి చికిత్స నిద్రే. నిద్ర ఏడుకి పైన ఉండి సొంత నిమిషాలు ఇరవైకి తక్కువైతే పనుల పంపకం. ఓపిక ఒకరోజు 8, మర్నాడు 2 అన్నట్టు ఊగుతుంటే పనిని విడగొట్టుకోవడం, అంటే అలసిపోక ముందే ఆగుతూ ముక్కలుగా చేయడం. అన్నీ బాగానే ఉండి, ఆఫీసు పేరెత్తితేనే గుండెలో రాయి పడ్డట్టుంటే కాదనడం, అంటే ఒప్పుకునే పనులు తగ్గించుకోవడం. గుర్తుంచుకోవాల్సిన మినహాయింపు ఒకటుంది: పదకొండున్నర దాకా ఇంటిపని ఉండడం వల్లే నిద్ర తక్కువైతే, మీ సమస్య నిద్ర కాదు, పంపకం. అక్కడ "త్వరగా పడుకో" అన్న సలహా పనిచేయదు.

## దేన్ని బట్టి పోల్చాం

ఐదు ప్రశ్నలు. వారానికి ఎన్ని గంటలు తిరిగొస్తాయి? మొదలుపెట్టడానికి ఏం పెట్టాలి (డబ్బు, టైం, అడగడానికి కావాల్సిన ధైర్యం)? తేడా ఎన్నాళ్లకు తెలుస్తుంది? ఎవరు ఒప్పుకోవాలి? సంక్రాంతి, పిల్లల పరీక్షలు, ఆఫీసులో ఆడిట్ లాంటివి వచ్చినప్పుడు నిలబడుతుందా? చివరి ప్రశ్నే చాలామంది వేసుకోరు. మామూలు వారంలో ఏ పద్ధతైనా నడుస్తుంది. చుట్టాలు దిగిన వారంలో కూడా సగమైనా నిలిచేదే మీకు పనికొచ్చేది.

| మార్గం | వారానికి తిరిగొచ్చే సమయం | పెట్టాల్సింది | తేడా తెలిసేది | ఎవరి ఒప్పుదల | ఒత్తిడి వారంలో |
|---|---|---|---|---|---|
| నిద్ర సరిచేసుకోవడం | గంటలు రావు, ఓపిక వస్తుంది | రాత్రి ఫోన్ వదలడం | 1-2 వారాలు | ఇంట్లోవాళ్లది కొంత | సగం నిలుస్తుంది |
| పనుల పంపకం | 4-10 గంటలు | అడగడం, మూడు వారాల ఓర్పు, లేదా జీతం | 3-4 వారాలు | ఇంట్లో అందరిదీ | బాగా నిలుస్తుంది |
| పనిని విడగొట్టుకోవడం | గంటలు రావు, పడిపోయే రోజులు తగ్గుతాయి | టైమర్, నిగ్రహం | 2-3 వారాలు | ఎవరిదీ అక్కర్లేదు | అలవాటైతే నిలుస్తుంది |
| కాదనడం | 2-6 గంటలు | ధైర్యం | అదే వారం | ఎదుటివాళ్లది | ఆ వారంలోనే ఎక్కువ పనికొస్తుంది |
| సెలవు | ఆ రోజుల వరకే | లీవు, కొన్నిసార్లు జీతం | వెంటనే, తర్వాత తరిగిపోతుంది | ఆఫీసుది | ముందే అనుకుంటేనే |
| నడక, యోగా | 2-3 గంటలు ఖర్చవుతాయి | తెల్లవారుజామో సాయంత్రమో | 3-6 వారాలు | ఎవరిదీ అక్కర్లేదు | ముందు జారిపోయేది ఇదే |

గంటల అంకెలు మామూలు నలుగురుండే ఇంటి లెక్కతో వేసినవి. మీ ఇంట్లో అటూ ఇటూ అవుతాయి.

## నిద్ర: అన్నిటికంటే చవక, చాలామందికి అన్నిటికంటే కష్టం

పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలని నిద్ర నిపుణుల సంఘాలు 2015లో సిఫారసు చేశాయి. "నాకు ఆరు చాలు" అనేవాళ్లు 2003 నాటి ఒక అమెరికా ప్రయోగం తెలుసుకోవాలి. రెండు వారాలు రాత్రికి ఆరు గంటల చొప్పున పడుకున్నవాళ్ల ఏకాగ్రత, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్ల స్థాయికి పడిపోయింది. అంతకంటే ముఖ్యం, తాము అంత దిగజారినట్టు వాళ్లకే తెలియలేదు. అలవాటైందనుకుంటాం, అంతే.

రాత్రి ఫోన్ దగ్గర అసలు చిక్కుంది. పిల్లలు పడుకున్నాక పదిన్నర నుంచి పన్నెండు దాకా రీల్స్ చూసే తల్లికి అది వ్యసనమని తిట్టడం న్యాయం కాదు. రోజు మొత్తంలో ఆమెను ఎవరూ పిలవని సమయం అదొక్కటే. దాన్ని లాక్కుంటే నాలుగో రోజుకి మళ్లీ ఫోన్ చేతిలో ఉంటుంది. కాబట్టి ముందు సాయంత్రం ఎనిమిది తొమ్మిది మధ్య ఇరవై నిమిషాలు తలుపేసుకుని కూర్చునే ఏర్పాటు చేసుకోండి. ఆ ఇరవై నిమిషాలు పిల్లల బాధ్యత ఇంకొకరిది. అది రెండు రోజులు నడిచాకే రాత్రి ఫోన్ సంగతి చూడండి.

తర్వాత లేచే టైం మార్చకుండా, పడుకునే టైం మాత్రం మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపండి. పన్నెండు నుంచి పదకొండుకి రావడానికి పన్నెండు రోజులు పడుతుంది. ఒకేసారి గంట ముందుకు జరిపితే నిద్ర పట్టక మంచం మీద దొర్లి, "నాకిది పడదు" అని వదిలేస్తారు. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి పదిన్నరకు పడుకోవాలంటే చివరి కాఫీ మూడున్నర, నాలుగు లోపే. ఆరింటికి ఇంటికి రాగానే తాగే ఫిల్టర్ కాఫీని ఒకేసారి మానలేకపోతే ముందు సగం గ్లాసు చేయండి.

ఇది సరిపడనిది ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లికి. ఆమె నిద్ర ఆమె చేతిలో లేదు. అక్కడ చేయగలిగింది రాత్రిని రెండుగా పంచుకోవడం: పది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఆరు దాకా ఒకరు. తల్లిపాలు తాగే బిడ్డయినా త్రేన్పు తీయించడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం తండ్రి చేయొచ్చు.

## పనుల పంపకం: సమయం నిజంగా తిరిగొచ్చేది ఇక్కడే

పని అంటే చేయడమొక్కటే కాదు. గమనించడం, ఆలోచించడం, చేయడం మూడూ కలిస్తేనే ఒక పని. గ్యాస్ సిలిండర్ చూడండి. బండ మార్చడం ఐదు నిమిషాలు, ఆ పని ఆయన చేస్తారు. కానీ మంట సన్నబడుతోందని గమనించింది ఎవరు? బుక్ చేసింది ఎవరు? డెలివరీ మెసేజ్ చూసి, ఆ టైంకి ఇంట్లో ఎవరుంటారో అనుకుని, ఓటీపీ పక్కింటావిడకి పంపింది ఎవరు? చేసే ఐదు నిమిషాలు పంచుకుని మిగతాదంతా ఆమె తలలోనే వదిలేస్తే "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అనే ఇల్లు తయారవుతుంది. చెప్పడమే ఒక ఉద్యోగం.

అందుకే పనిని ముక్కగా కాదు, మొత్తంగా ఇవ్వండి.

1. ఏడు రోజుల జాబితాలోంచి, తప్పినా ఎవరికీ హాని జరగని పని ఒకటి తీసుకోండి. పాలు-పెరుగు, గ్యాస్, ఇస్త్రీ బట్టలు, పిల్లల డైరీ సంతకం లాంటివి. అత్తగారి బీపీ మాత్రలతో మొదలుపెట్టకండి.
2. "ఇకనుంచి పాలూ పెరుగూ మీవి. అయిపోవస్తున్నాయని చూసుకోవడం కూడా మీదే, నేను గుర్తు చేయను" అని తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. వంటింట్లో హడావిడిలో, కోపంలో చెబితే అది తగువుగా మిగులుతుంది.
3. కనీసం ఎంతవరకు చేస్తే చాలో ముందే ఒప్పుకోండి. చొక్కా ఇస్త్రీ అయితే చాలు, మడత మీ పద్ధతిలో ఉండక్కర్లేదు.
4. మూడు వారాలు వేలు పెట్టకండి.

ఎక్కువ ఇళ్లలో రెండో వారంలోనే ఇది చెడిపోతుంది. ఒకరోజు పెరుగు ఉండదు. ఆమె గబగబా వెళ్లి ప్యాకెట్ తెస్తుంది. అంతే, ఆ పని మళ్లీ ఆమెదైపోయింది. ఆ పూట అందరూ పెరుగు లేకుండానే తినాలి. ఆవకాయో చారో ఉంటుంది, ఏమీ కాదు. ఆ ఒక్క పూటే పనిని అవతలి మనిషి చేతిలో నిలబెడుతుంది.

పిల్లలకూ ఇవ్వొచ్చు. ఆరేళ్ల పిల్ల సంచి సర్దుకుని, నీళ్ల సీసా నింపుకోగలదు. పదేళ్లవాడు పళ్లేలు పెట్టి తీయగలడు, ఉతికిన బట్టలు మడతపెట్టగలడు. పద్నాలుగేళ్లు వస్తే బియ్యం కడిగి కుక్కర్ పెట్టగలరు. ఆడపిల్లకు అంట్లు, మగపిల్లాడికి బజారు అని మాత్రం విడదీయకండి. ఇప్పుడు మీరు మోస్తున్న బరువు అలా మొదలైందే.

డబ్బిచ్చి పని తగ్గించుకోవడమా, ఇంట్లోనే పంచుకోవడమా అన్న సందేహానికి ఒక లెక్క ఉంది. పనమ్మాయి రోజుకు గంట పని చేస్తే, నెలకు 26 రోజుల లెక్కన మీకు 26 గంటలు మిగులుతాయి. ఆమె జీతాన్ని 26తో భాగించండి. ఆ మొత్తానికి ఒక గంట నిద్ర కొనుక్కోగలిగితే కొనుక్కుంటారా? చాలామంది అవుననే అంటారు. ఆమెకూ వారానికో సెలవు, పండక్కి సెలవు ఉండాలి. అలసట తగ్గించుకోవడమంటే దాన్ని ఇంకో ఆడదాని నెత్తిన పెట్టడం కాదు. వంటమనిషి అయితే అడుగడుగునా చెప్పాల్సినంత కాలం సమయం పెద్దగా మిగలదు. వారం మెనూ రాసి గోడకు అంటించాకే అసలు ఊరట.

కర్రీ పాయింట్‌ని తప్పుగా చూడక్కర్లేదు. అన్నం, పప్పు ఇంట్లో పెట్టుకుని, టైం తినేసే వేపుడో పులుసో తెచ్చుకుంటే సాయంత్రం నలభై నిమిషాలు మిగులుతాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లుంటే వారానికి ఒకటి రెండు రోజులకు మించకుండా, వాళ్లకు ఇంటి పప్పూ మజ్జిగా ఉండేలా చూసుకోండి. ఉప్పు, నూనె మన చేతిలో ఉండవు.

వారానికోసారి ముందే సిద్ధం చేసుకునేవాళ్లకు దోసెల పిండి ఒక్కటే నాలుగు ఉదయాలు కాపాడుతుంది: గ్లాసు మినపప్పుకి మూడు గ్లాసుల బియ్యం, చెంచా మెంతులు, ఐదారు గంటలు నానబెట్టడం. వేసవిలో రాత్రంతా బయట పెడితే పులిసిపోతుంది, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టండి. రోజూ గిన్నె మొత్తం బయటకు తీసి మళ్లీ లోపల పెట్టకుండా ఆ పూటకు కావాల్సింది తీసుకోండి. దానికి తోడు కందిపొడి, కరివేపాకు పొడి. అయితే ఈ సిద్ధం చేసుకోవడం రెండు గంటలు దాటితే ఆదివారం మొత్తం దానికే పోతుంది. శనివారం సాయంత్రం, ఇద్దరు కలిసి, రెండు గంటలు. అక్కడితో ఆపండి.

## పనిని విడగొట్టుకోవడం: ఓపిక ఉన్న రోజే ఆగడం

దీర్ఘకాలపు నొప్పి, నీరసం ఉన్నవాళ్లకు ఫిజియోథెరపిస్టులు నేర్పే పద్ధతి ఇది. ఓపిక ఉన్న రోజు ఇల్లంతా దులిపి, రెండ్రోజులు నడుం పట్టుకుని కూర్చునే చక్రం నుంచి బయటపడేందుకు. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

ఒక పనిని (బట్టలు ఉతకడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం, ఇల్లు సర్దడం) మూడు వేర్వేరు రోజుల్లో ఎంతసేపు చేశాక ఒళ్లు బరువెక్కుతోందో చూడండి. 60, 40, 50 నిమిషాలనుకుందాం. సగటు 50. అందులో నాలుగో వంతు తగ్గించి, దాదాపు 35-40 నిమిషాలు మీ కొలత అనుకోండి. టైమర్ మోగగానే, ఇంకా ఓపిక ఉన్నా, ఆపండి. పది నిమిషాలు కూర్చోండి, లేదా వేరే కండరాలు వాడే పని చేయండి. వారం పది రోజులు పడిపోకుండా గడిస్తే నాలుగైదు నిమిషాలు పెంచండి.

"ఇంకొంచెమే కదా, అయిపోగొట్టేద్దాం" దగ్గరే ఇది తప్పుతుంది. అలసట వచ్చాక ఆగితే తేరుకోవడానికి గంటలు పడుతుంది, రాకముందే ఆగితే పది నిమిషాల్లో తేరుకుంటాం. లెక్క అంతే. ఆఫీసు పనికి చాలామంది వాడే 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం పద్ధతి ఫ్రాంచెస్కో చిరిల్లో 1980ల చివర్లో మొదలుపెట్టింది. ఈమెయిళ్లు, లెక్కలు సరిచూడటం లాంటి వాటికి బాగుంటుంది. లోతుగా ఆలోచించాల్సిన పనికి 50 నిమిషాలు, 10 నిమిషాలు మేలు. ఆ విరామంలో వాట్సాప్ చూస్తే అది విరామం కాదు, ఇంకో పని. లేచి నీళ్లు తాగండి, కిటికీ దగ్గర నిలబడండి.

ఒకే ఒక్క చిక్కు: కౌంటర్ దగ్గర కూర్చునే బ్యాంకు ఉద్యోగికి, క్లాసులో ఉన్న టీచర్‌కి, వార్డులో ఉన్న నర్సుకి టైమర్ నడవదు. వాళ్లు ఇంటిపనిని విడగొట్టుకోవాలి. డ్యూటీ నుంచి రాగానే వంటింట్లోకి వెళ్లకుండా పదిహేను నిమిషాలు కాళ్లు చాపుకుని కూర్చోవడం వాళ్లకు మొదటి విరామం.

## కాదనడం: మాట ఎలా అనాలో తెలిస్తే సగం పని అయినట్టే

కారణాలు ఎక్కువ చెప్పకండి. ఒక్కో కారణానికీ ఎదుటివాళ్ల దగ్గర ఒక పరిష్కారం ఉంటుంది. ఏం చేయగలరో చెప్పండి.

ఆఫీసులో: "సార్, ఈ మూడింట్లో రెండు శుక్రవారానికి అవుతాయి. ఏ రెండు ముందు కావాలో చెప్పండి." ఇందులో కాదన్న మాటే లేదు, కానీ మూడో పని బల్ల మీదే ఆగింది. నోటితో చెప్పాక మెయిల్‌లో కూడా పెట్టండి.

ఇంట్లో, వరలక్ష్మీ వ్రతానికి ముందు: "అత్తయ్యా, పులిహోర, పరమాన్నం నేను చేస్తాను. బూర్లు స్వీటు షాపులో తెప్పిద్దాం." వారం ముందు చెప్పండి. ముందురోజు రాత్రి చెబితే పెద్దవాళ్లకు అది పూజను తక్కువ చేసినట్టనిపిస్తుంది.

బంధువులకు: "ఈ ఆదివారం కుదరదు పిన్నీ, వచ్చే నెల రెండో శనివారం తప్పకుండా వస్తాం." తారీఖు చెప్పి మాట నిలబెట్టుకుంటే బంధమూ చెడదు.

ఇది అందరికీ ఒకేలా కుదరదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు, కాంట్రాక్టు ఉద్యోగులు ఆఫీసులో కాదనలేరు. వాళ్లు ఇంటివైపు నుంచి మొదలుపెట్టాలి. అయితే వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. ఎన్నాళ్లు అలా చేయగలరో ఒక తారీఖు పెట్టుకోవడం మంచిది.

## సెలవు, నడక

సెలవులో వచ్చిన హాయి తిరిగొచ్చిన కొద్ది వారాల్లోనే తరిగిపోతుంది. అందుకే ఏడాదికి ఒక్కసారి పది రోజులకంటే, మూడు నాలుగు సార్లు మూడేసి రోజులు మాకు మెరుగనిపిస్తుంది. పెళ్లికీ గృహప్రవేశానికీ వాడిన లీవు విశ్రాంతి లెక్కలోకి రాదు. తిరుపతి వెళ్లొస్తే మనసు నిండుతుంది, ఒళ్లు మాత్రం అలుస్తుంది. ఊరి నుంచి వచ్చాక ఆఫీసుకి ముందు ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లులకు పిల్లలకు 18 ఏళ్లు వచ్చేలోపు మొత్తం సర్వీసులో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంటుంది, మొదటి 365 రోజులకు పూర్తి జీతం. పరీక్షల సమయానికి దాచి వాడుకోవచ్చు. రాష్ట్ర ఉద్యోగులు తమ జీవో ప్రకారం ఎన్ని రోజులున్నాయో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడగాలి.

నడక మంచిదే, వారానికి 150 నిమిషాలు లక్ష్యం. పది నిమిషాల చొప్పున విడగొట్టినా లెక్కకొస్తుంది: బస్సు ఒక స్టాపు ముందు దిగడం, భోజనం తర్వాత ఆఫీసు చుట్టూ ఒక రౌండు. ఐదున్నర గంటల నిద్రలోంచి కోసుకుని తెల్లవారి ఐదుకి జిమ్‌కి మాత్రం వెళ్లకండి. బిహార్‌లోని ముంగేర్ యోగా పాఠశాల ద్వారా స్వామి సత్యానంద సరస్వతి ప్రచారం చేసిన యోగనిద్ర 20-30 నిమిషాలు పడుకునే చేసేది కాబట్టి ఒళ్లు అలిసినవాళ్లకు ఆసనాలకంటే తేలిక. రాత్రి నిద్రకు అది బదులు కాదు.

## మీరు వీళ్లలో ఎవరు?

చిన్నపిల్లలున్న ఉద్యోగిని. ముందు పంపకం, నాలుగు వారాలయ్యాక నిద్ర. మిగతావి ఆరు నెలల దాకా వద్దు.

మంచాన ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు. వీళ్లకు అన్నిటికంటే కావాల్సింది, ఎవరో ఒకరు వచ్చి కూర్చునే కచ్చితమైన పూట. వారానికి నాలుగు గంటలు, అదే రోజు, అదే టైం. "ఏమైనా కావాలంటే చెప్పు" అనే అన్నయ్యకు "బుధవారం రెండు నుంచి ఆరు దాకా నాన్న దగ్గర నువ్వుండాలి" అని చెప్పండి. మందుల టైములు, డైపర్ మార్చే తీరు, డాక్టర్ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి మంచం పక్కన అంటిస్తే వెళ్లినచోట ఫోన్ మోగదు. దూరంగా ఉండే తోబుట్టువులు అటెండర్ జీతం కట్టొచ్చు, మందులు ఆర్డర్ పెట్టే బాధ్యత మొత్తంగా తీసుకోవచ్చు.

అమెరికా షిఫ్టులో పనిచేసేవాళ్లు. హైదరాబాద్‌లో తెల్లవారి నాలుగున్నరకు పడుకుని పదకొండున్నరకు లేచేవాళ్లు శనాదివారాలు ఒక్కసారిగా రాత్రి పదికి పడుకుంటే సోమవారం ఒంటికి తెలియదు అది రాత్రో పగలో. సెలవు రోజుల్లో రెండింటికి పడుకుని తొమ్మిదిన్నరకు లేవండి. వారం మొత్తంలో ఒక ఐదు గంటలు (నాలుగున్నర నుంచి తొమ్మిదిన్నర) రోజూ నిద్రలోనే ఉంటాయి. ఇంటికొచ్చేసరికి వెలుగొస్తే క్యాబ్‌లో నల్లకళ్లద్దాలు పెట్టుకోండి, గదికి మందపాటి పరదా వేయండి. కాలింగ్ బెల్ ఆపి, పాలవాడికీ కొరియర్‌కీ కింద వాచ్‌మన్ దగ్గర ఇవ్వమని చెప్పండి.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు. పనమ్మాయి లేదు, అమ్మ దగ్గర లేదు, పైగా రాత్రిళ్లు ఇండియా టీంతో కాల్స్. ఇక్కడ పంపకం ఇద్దరి మధ్యే జరగాలి. రాత్రి కాల్స్‌ని వారానికి రెండు రోజులకు కుదించమని అడగడం, ఇంటికి చేసే ఫోన్లు ఆదివారం ఒక పూటకు తేవడం, రోజూ మూడు కూరలనే పట్టు వదలడం వీళ్లకు ఎక్కువ గంటలిస్తాయి.

## మూడు వారాలయ్యాక ఏం చూడాలి

ఎంచుకున్న మార్గం ఒక్కటే మూడు వారాలు నడిపి, మళ్లీ ఏడు రోజులు అవే మూడు అంకెలు రాయండి. సాయంత్రం ఓపిక ఒక్క పాయింటు పెరిగినా సరైన దారే, ఇంకో మూడు వారాలు అదే నడపండి, రెండోది కలపకండి. ఏమీ కదలకపోతే పట్టికలో పక్క వరసకు మారండి.

మూడు అంకెలూ తగ్గితే పద్ధతులు మార్చుకుంటూ కూర్చోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో ఉద్యోగపు బర్న్‌ఔట్‌కి (పని ఒత్తిడితో పూర్తిగా డీలాపడటానికి) మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ పూర్తిగా అయిపోవడం, పనిపట్ల విముఖత, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం. ఇవి పని దగ్గరే ఉండి, ఇంటి దగ్గర మనసు తేలికపడుతుంటే పని మార్పు, సెలవు గురించి ఆలోచించొచ్చు. ఇష్టమైన పాట, పిల్లల నవ్వు కూడా రెండు వారాలుగా పట్టనట్టుంటే, ఆకలి చచ్చిపోతే, బతకాలనిపించకపోతే అది కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేశాక ఏం చెప్పాలో తోచకపోతే ఆ మూడు అంకెలు చదవండి: ఎన్ని గంటలు పడుకుంటున్నారో, సొంతానికి ఎన్ని నిమిషాలో, సాయంత్రానికి ఓపిక ఎంతో. మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.